ఎక్స్‌రే గది రిజిస్టరు - మన చిత్తూరు సీమలో దాని చరిత్ర

ఆసుపత్రి అనగానే మనకు డాక్టరుగారు, నర్సమ్మ, మందుల గది గుర్తుకు వస్తాయి. ఎక్స్‌రే గది తలుపు పక్కన చిన్న బల్ల వేసుకొని, లావుపాటి రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చున్న గుమాస్తా మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు. అతడు పేరు అడుగుతాడు, వయసు అడుగుతాడు, ఏ ఊరని అడుగుతాడు, చీటీ మీద ఒక నంబరు వేసి పంపిస్తాడు. ఆ నంబరు ఎందుకో మనం అడగము. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాము, ఇంటికి చేరేలోగా అది ఎక్కడో జారిపోతుంది. ఆ నంబరుకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన చిత్తూరు సీమకు చిన్న స్థానమేమీ కాదు. సమాజ సభ్యులకు, వారి కుటుంబాలకు ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు ఒక మాట. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద ఒక మచ్చ కనిపించిందనుకోండి. అది నిన్న మొన్న వచ్చిన జబ్బా, పదేళ్ళ కిందట వచ్చి మానిపోయిన గాయపు గుర్తా? ఆ ఒక్క ఫిల్ము చూసి ఎంత అనుభవజ్ఞుడైన డాక్టరైనా చాలాసార్లు తేల్చి చెప్పలేడు. పక్కన పాత ఫిల్ము ఒకటి పెడితే, దాని మీద తేదీ ఉంటే, సగం ప్రశ్న అక్కడే తీరిపోతుంది. మచ్చ అప్పుడూ ఇంతే ఉండి ఇప్పుడూ ఇంతే ఉంటే ఒక దారి, పెరిగి ఉంటే మరో దారి. అందుకే డాక్టర్లు మొదట అడిగే మాట, "పాత ఫోటో తెచ్చినారా?" అని. మనవాళ్ళు చెప్పే జవాబు, "యాడ పెట్టినామో కనపడలేదు సార్" అని. ఈ రెండు మాటల మధ్యనే ఎంతోమంది ఆరోగ్యం నలిగిపోతూ ఉంటుంది.

రోగి సంగతులు రాసి ఉంచాలనే ఆలోచన కొత్తది కాదు. క్రీ.శ. 865 ప్రాంతంలో ఇరాన్‌లోని రయ్ నగరంలో పుట్టి, అక్కడా బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్ద వైద్యుడిగా పనిచేసిన అల్-రాజీ, తాను చూసిన రోగుల వివరాలు రాసిపెట్టుకొనేవాడు. ఏ లక్షణంతో వచ్చాడు, ఏ మందు ఇచ్చాను, తరువాత ఏమైంది అని రాసుకున్నాడు. ఆయన 925 ప్రాంతంలో చనిపోయాక, ఆయన వదిలి వెళ్ళిన ఆ రాతలన్నీ కలిపి శిష్యులు 'అల్-హావీ' అనే మహాగ్రంథంగా కూర్చారు. అది 1279లో లాటిన్ భాషలోకి వెళ్ళి యూరపు వైద్యులకు పాఠ్యగ్రంథం అయింది. ఒక వైద్యుడు తన రోజువారీ పనిలో రాసుకున్న కాగితాలు మూడు శతాబ్దాల తరువాత, మరో ఖండంలో, మరో భాషవారికి పనికివచ్చాయి. రికార్డు అంటే అది.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఎక్స్ కిరణాలను కనిపెట్టాడు. డిసెంబరు 22న తన భార్య చేతిని ఆ కిరణాలతో ఫోటో తీశాడు. ఎముకలు, వేలికి ఉన్న ఉంగరం కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. వైద్యానికి దీనివల్ల కలిగిన మేలు రెండు విధాలు. ఒంటి లోపల చూడగలగడం ఒకటి. ఆ చూసినదాన్ని భద్రపరచి, పదేళ్ళ తరువాత మరో డాక్టరు చేతికి ఇవ్వగలగడం రెండవది. నాడి పట్టుకొని చూసిన వైద్యుడి అనుభవం ఆ వైద్యుడితోనే పోతుంది. ఫిల్ము అట్లా పోదు, దాని మీద పేరు, తేదీ, నంబరు ఉన్నంతవరకు. అవి లేకపోతే అది ఎవరిదో తెలియని ఒక నల్లటి అట్ట.

ఆరోగ్యవరం చూపిన దారి

1911లో మన చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఆ మరుసటి ఏడే, 1912లో, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయరోగుల కోసం ఒక చికిత్సాలయం మొదలుపెట్టాయి. 1915లో అది ఊరి బయట విశాలమైన చోటికి మారింది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ ముల్లర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. ఆయన తరువాత ఆ బాధ్యత వహించిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తరువాతి కాలంలో భారత ప్రభుత్వానికే క్షయ నివారణ సలహాదారు అయ్యారు. అప్పుడు మదనపల్లె మన జిల్లాలోదే. 2022లో జిల్లాలు విడిపోయాక లెక్కలో వేరైంది కానీ, ఆ చరిత్ర మనది కాకుండా పోదు.

ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో, ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది 1952లో. అంతకు ముందు మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, కొందరికి ఊపిరితిత్తిని కొంతకాలం ముడిచి ఉంచే చికిత్స, ఇవే దిక్కు. ఇలాంటి వైద్యంలో రోగి బాగవుతున్నాడో లేదో ఒక్కరోజు చూసి చెప్పడానికి వీలు లేదు. ఒకే రోగి ఫిల్ములు తేదీల వారీగా వరుసగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి క్షయ వైద్యశాలకు ఎక్స్‌రే ఎంత ముఖ్యమో, ఆ ఫిల్ములను వెతికితే దొరికేలా పెట్టుకోవడమూ అంతే ముఖ్యం.

ఇంకా పెద్ద పని 1948 తరువాత జరిగింది. మనదేశంలో బి.సి.జి. టీకా తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు, మొదటి డాక్టరుగారి కుమారుడు డాక్టర్ యొహానెస్ ఫ్రిమోట్ ముల్లర్ ఆధ్వర్యంలో మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పెద్ద సర్వే నడిచింది. ఆసుపత్రికి వచ్చినవారిని చూడడం కాదు, ఆసుపత్రే ఊళ్ళకు వెళ్ళింది. ఇంటింటికీ తిరిగి జనాభా రాసుకున్నారు. చర్మం మీద ట్యూబర్‌కులిన్ పరీక్ష చేశారు. చిన్న సైజు ఫిల్ముల మీద ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. ఇలా చవకగా, త్వరగా వేలమందికి ఎక్స్‌రే తీసే పద్ధతిని 1936లో బ్రెజిల్ దేశపు డాక్టరు మనుయెల్ ద అబ్రేయు తయారుచేశాడు. రియో నగరంలో పుట్టిన ఆ పద్ధతి మన రాళ్ళసీమ పల్లెలకు వచ్చింది.

ఇక్కడ రికార్డు పని ఎంత కష్టమో ఊహించండి. ఒక్క ఊళ్ళో వందల మంది. ఒక్కొక్కరికి ఒక చిన్న ఫిల్ము, బొటనవేలంత. దాన్ని చదివేది ఎక్కడో ఆరోగ్యవరంలో. అనుమానం వస్తే అదే మనిషిని, అదే ఊళ్ళో, అదే ఇంట్లో మళ్ళీ పట్టుకొని పెద్ద ఫిల్ము తీయాలి, కళ్లె పరీక్ష చేయాలి. నంబరులో ఒక అంకె తప్పితే జబ్బు లేనివాడిని పట్టుకొని, జబ్బున్నవాడిని వదిలేసినట్టే. ఆ సర్వే ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించారు. అదే ప్రాంతంలో బి.సి.జి. ఎంతవరకు కాపాడిందనే పరిశీలన మీద 1964లో ఒక నివేదిక, 1973లో మరొకటి వచ్చాయి. 1950 ప్రాంతంలో రాసిన పేర్లను ఇరవై ఏళ్ళ తరువాత కూడా మనుషులతో సరిచూడగలిగారంటే, అది యంత్రం గొప్పదనం కాదు. ఎండలో గడప గడపకూ తిరిగి పేరు, వయసు, ఇంటి వివరం సరిగ్గా రాసినవారి గొప్పదనం. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ పెద్ద అక్షరాలతో లేవు.

1955 నుంచి 1958 వరకు దేశమంతటి క్షయ సర్వే జరిగినప్పుడు ఎంచుకున్న ఆరు కేంద్రాలలో మదనపల్లె ఒకటి. మిగతావి కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు, పాట్నా, త్రివేండ్రం. అంత పెద్ద నగరాల సరసన మన చిన్న ఊరు కూర్చుంది. అంతవరకు క్షయ పట్నపు జబ్బు, మిల్లుల జబ్బు అనుకొనేవారు. పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని ఆ లెక్క తేల్చింది. జనాభాలో నూటికి సుమారు ఒకటిన్నర మందికి ఎక్స్‌రేలో చురుకైన క్షయ గుర్తులు ఉన్నాయనీ, వారిలో నాలుగోవంతు మంది, అంటే వెయ్యికి సుమారు నలుగురు, కళ్లెలో క్రిమి ఉండి ఇతరులకు అంటించగలరనీ అంచనా కట్టారు. 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఈ లెక్కల మీదే నిలబడింది.

ఇంకొక సంగతి కూడా ఈ సర్వేల కాలంలోనే బయటపడింది. 1947లో అమెరికాలో కొందరు నిపుణులకు ఒకే ఫిల్ములు ఇచ్చి విడివిడిగా చదవమన్నారు. ఒకరు జబ్బు అన్నచోట మరొకరు కాదన్నారు. అంతే కాదు, అదే నిపుణుడికి అవే ఫిల్ములు కొంతకాలం తరువాత మళ్ళీ ఇస్తే, తన మొదటి మాటకే తాను విరుద్ధంగా చెప్పాడు. దీంతో పెద్ద సర్వేలలో ఇద్దరు విడివిడిగా చదివి, ఒకరు రాసింది ఒకరు చూడకుండా నమోదు చేసే అలవాటు బలపడింది. మనిషి కన్ను పొరపడుతుంది. ఆ పొరపాటును పట్టుకోవాలంటే ఎవరు ఏమి చదివారో రాతలో ఉండాలి.

రిజిస్టరులో ఏమి రాస్తారు

ఇక తిరుపతికి వద్దాం. 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, 1962లో రుయా ఆసుపత్రి, 1985లో వికలాంగుల శస్త్రచికిత్సకు బర్డ్, 1986లో పునాదిరాయి పడి 1993లో వైద్యసేవలు మొదలుపెట్టిన స్విమ్స్, ఇట్లా ఒక్క ఊళ్ళోనే పెద్దాసుపత్రులు దగ్గర దగ్గరగా వెలిశాయి. చిత్తూరు నుంచి దక్షిణంగా ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, 1900లో ఐడా స్కడర్ అమ్మగారు మొదలుపెట్టిన వేలూరు సి.ఎం.సి. ఉండనే ఉంది. పుంగనూరు, పలమనేరు, పీలేరు, శ్రీకాళహస్తి రోగులు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి చంకలో గోధుమరంగు కవరు పెట్టుకొని తిరగడం మనం చూస్తూనే ఉన్నాం. ఒక్కొక్క ఆసుపత్రిలో ఒక్కొక్క నంబరు. అదే మనిషి, అదే ఊపిరితిత్తి, మూడు రిజిస్టర్లలో ముగ్గురు మనుషులు.

ఫిల్ముల కాలంలో ఎక్స్‌రే గది పద్ధతి ఇలా ఉండేది. డాక్టరు చీటీ రాసి పంపుతాడు. అందులో రోగి పేరు, ఓ.పి. నంబరు లేక వార్డు, ఏ భాగం, ఏ వైపు నుంచి తీయాలి, ఏ జబ్బు అనుమానం అని ఉండాలి. గుమాస్తా దాన్ని రిజిస్టరులో ఎక్కించి ఎక్స్‌రే నంబరు ఇస్తాడు. సాధారణంగా ఆ సంవత్సరపు వరుస నంబరు, దాని పక్కన గీత గీసి సంవత్సరం. టెక్నీషియన్ ఆ నంబరును సీసపు అంకెలతో క్యాసెట్టు మీద పేర్చి, కుడివైపుకో ఎడమవైపుకో సీసపు అక్షరం పెట్టి, అప్పుడు కిరణం వదులుతాడు. సీసం కిరణాన్ని ఆపుతుంది కనుక ఆ అంకెలు ఫిల్ములోనే పడిపోతాయి. తరువాత ఎవరూ చెరపలేరు. పైన సిరాతో రాసిన పేరు తడికి పోవచ్చు, లోపల పడిన నంబరు పోదు.

ఆ కుడి ఎడమల అక్షరాన్ని తక్కువగా చూడకండి. ఫిల్మును తిప్పి పట్టుకుంటే ఎడమ కాలు కుడి కాలు అయిపోతుంది. విరిగిన ఎముక ఏ వైపుదో రోగిని అడిగి తెలుసుకోవచ్చు. కానీ మూత్రపిండంలో రాయి ఏ వైపుదో మత్తులో పడుకున్న రోగి చెప్పలేడు కదా. ఆ చిన్న సీసపు ముక్క ఆపరేషను బల్ల మీద ఉన్న మనిషి తరఫున సాక్ష్యం చెబుతుంది.

రిజిస్టరులో ఇంకొన్ని గడులు ఉంటాయి. ఫిల్ము సైజు, ఎన్ని ఫిల్ములు వాడారు, ఎన్ని పాడయ్యాయి, ఎంత కిరణం ఇచ్చారు, ఎవరు తీశారు. నెలాఖరుకు స్టాకులోంచి వచ్చిన ఫిల్ములూ, వాడిన ఫిల్ములూ సరిపోవాలి. ఎందుకంటే ఫిల్ములో వెండి ఉంటుంది. కడిగే నీళ్ళలోకి దిగిన వెండిని కూడా తీసి అమ్మేవారు. పాత ఫిల్ములనూ వెండి కోసం వేలం వేసేవారు. ఆడిటువారికి ఇది డబ్బు లెక్క. కానీ రోగికి జరిగే నష్టం ఆ లెక్కలో కనిపించదు. వేలంలో పోయిన కట్టల్లో ఒకడి పాత ఛాతీ ఫిల్ము ఉంటే, అతడి పదేళ్ళ ఆరోగ్య చరిత్ర తూకానికి పోయినట్టే.

నిలవ చేయడంలో ప్రమాదమూ ఉండేది. తొలినాళ్ళ ఎక్స్‌రే ఫిల్ము నైట్రేటుతో తయారయ్యేది. అది తేలికగా అంటుకుంటుంది, విషవాయువు వదులుతుంది. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నేలమాళిగలో దాచిన అటువంటి ఫిల్ములు అంటుకొని 123 మంది ప్రాణాలు పోయాయి. చాలామంది కాలి చనిపోలేదు, ఆ వాయువు పీల్చి చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత తేలికగా మండని ఫిల్ము వాడకం స్థిరపడింది, ఫిల్ములు ఎట్లా నిలవ ఉంచాలో నియమాలు వచ్చాయి. రికార్డు గది అంటే ఏదో ఒక మూల కొట్టు అనుకోకూడదని ప్రపంచానికి అంత ఖరీదు పెట్టి తెలిసింది.

కోడు అంటే ఏమిటి

నంబరు మనిషిని గుర్తుపట్టడానికి. కోడు జబ్బును గుర్తుపట్టడానికి. ఒక డాక్టరు క్షయ అని రాస్తాడు, ఇంకొకడు టి.బి. అంటాడు, మూడోవాడు కాక్స్ అని రాస్తాడు. క్షయ క్రిమిని కనుగొన్న కాక్ మహాశయుడి పేరు మీద ఆ వాడుక వచ్చింది. మూడూ ఒకటే. ఏడాది చివర ఎంతమందికి క్షయ అని అడిగితే గుమాస్తా ఎట్లా లెక్క పెట్టాలి? అందుకే జబ్బులకు అంతర్జాతీయ అంకెల పట్టిక తయారైంది. 1893లో ఫ్రెంచి గణాంక నిపుణుడు బెర్టియాన్ మరణకారణాల పట్టికతో దీనికి నాంది పలికాడు. 1948లో ఆరవ సవరణ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చేపట్టింది. చావులతో పాటు జబ్బులూ అందులో చేరాయి. తొమ్మిదవ పట్టిక 1979 నుంచి, పదవది 1994 నుంచి, పదకొండవది 2022 నుంచి అమలుకు వచ్చాయి.

ఈ పట్టికలో మనం నేర్చుకోవలసిన ఒక నీతి ఉంది. పదవ పట్టికలో ఊపిరితిత్తుల క్షయకు రెండు చోట్లు ఉన్నాయి. కళ్లె పరీక్షలోనో, కండ ముక్క పరీక్షలోనో రుజువైతే ఏ15. రుజువు కాకుండా డాక్టరు నిర్ణయం మీద రాస్తే ఏ16. క్షయ అని కూడా అనకుండా, ఎక్స్‌రేలో ఏదో తేడా కనిపించింది అన్నంతవరకే అయితే ఆర్91. చూడండి, ఒకే నీడకు మూడు మెట్లు. ఎంతవరకు తెలుసో అంతవరకే రాయమని ఆ పట్టిక గుమాస్తాను, డాక్టరును కూడా కట్టడి చేస్తుంది. "ఫోటోలో మచ్చ ఉందంట, టి.బి. అంట" అని వీధిలో మాట పుట్టి ఆడపిల్ల సంబంధం చెడిపోయిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఆర్91కీ ఏ15కీ ఉన్న తేడా తెలిసినవారు ఆ మాట అనరు.

ఎక్స్‌రే విభాగానికి ప్రత్యేకంగా అమెరికా రేడియాలజీ కళాశాల వారు ఇంకొక కోడు తయారుచేశారు. అందులో చుక్కకు ముందున్న అంకెలు అవయవాన్ని, చుక్క తరువాతవి జబ్బు తీరును చెబుతాయి. ముందు 6తో మొదలైతే ఊపిరితిత్తులు. చుక్క తరువాత 2 అంటే వాపు, అంటువ్యాధుల జాతి, 3 అంటే గడ్డలు, 4 అంటే దెబ్బలు. ఇట్లా ఫిల్ములకు కోడు వేసి పెట్టుకుంటే, విద్యార్థులకు పాఠం చెప్పాలనుకున్న ఆచార్యుడు ఆ జాతి ఫిల్ములన్నీ ఒక్కచోటికి తెప్పించుకోవచ్చు. కోడు లేకపోతే వేల కవర్లు విప్పి చూడాలి. వైద్య కళాశాల ఉన్న ఊళ్ళో ఒక రోగి బాధ పదిమంది కాబోయే డాక్టర్లకు పాఠం కావాలంటే మధ్యలో ఈ అంకెలు ఉండాలి.

మన పేర్ల సంగతి

ఇప్పుడు మన ఇళ్ళకు దగ్గరి విషయం. మన ప్రాంతంలో షేక్ మహబూబ్ బాషా, షేక్ ఖాదర్ బాషా అని పిలిస్తే ఒక వార్డులో ఇద్దరు ముగ్గురు తల ఎత్తుతారు. స్త్రీలలో షేక్ మహబూబ్ బీ, షేక్ ఫాతిమా బీ కూడా అంతే. ఇది మనకొక్కరికే ఉన్న చిక్కు కాదు. తిరుపతి చుట్టుపక్కల మునెమ్మలు, మునిరత్నాలు, వెంకటేశులు ఎంతమంది! అయితే మన పేర్లకు ఇంకొక చిక్కు ఉంది. ఒకే పేరును ఒక గుమాస్తా మహమ్మద్ అని, ఇంకొకడు మొహమ్మద్ అని, మూడోవాడు ఎం.డి. అని రాస్తాడు. షేక్ ఒకచోట ఎస్.కె. అవుతుంది, ఒకచోట వెనక్కు పోతుంది, ఇంకొకచోట మాయమవుతుంది. ఉర్దూలో ఒక ఉచ్చారణ, తెలుగులో ఒక రాత, ఇంగ్లీషులో ఇంకొక స్పెల్లింగు. అక్షరక్రమంలో వెతికితే ఆ మనిషి మూడు చోట్ల ఉంటాడు, ఒక్కచోటా దొరకడు.

స్త్రీల విషయంలో మరీ కష్టం. పుట్టింటి పేరుతో ఒకసారి, భర్త పేరుతో ఒకసారి నమోదు అవుతారు. వెంట వచ్చిన మగవారు వయసు అంచనాగా చెబుతారు, "నలభై రాసుకో సార్" అని. పోయినసారి ముప్పై అయిదు, ఈసారి నలభై, మధ్యలో గడిచింది ఒక్క సంవత్సరం. గుమాస్తా ఆమెను వేరే మనిషి అనుకుంటే తప్పు అతడిది ఎట్లా అవుతుంది? అందుకే రికార్డు శాస్త్రం తెలిసినవారు పేరును నమ్మరు, నంబరును నమ్ముతారు. ఒక మనిషికి జీవితాంతం ఒకే నంబరు ఇవ్వడం, బీరువాలో కవర్లను ఆ నంబరు చివరి రెండంకెల ప్రకారం పేర్చడం వంటి పద్ధతులు ఇందుకే వచ్చాయి. చివరి అంకెలతో పేర్చితే కొత్త కవర్లన్నీ ఒకే బీరువాలో కుప్పపడవు, అన్ని అరలూ సమంగా నిండుతాయి, తప్పు చోట పెట్టిన కవరు త్వరగా కంటపడుతుంది.

చట్టం ఏమంటుంది

రికార్డు ఉంచడం ఇప్పుడు డాక్టరు దయ మీద ఉన్న విషయం కాదు. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమాల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన నాటినుంచి మూడేళ్ళు ఉంచాలి. రోగి గాని, అతడి తరఫు అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల లోపల ఇవ్వాలి. ఈ మాట ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

గర్భవతులకు స్కానింగు చేసేచోట నియమం ఇంకా గట్టిది. ఆడశిశువును కడుపులోనే చంపే అన్యాయాన్ని ఆపడానికి 1994లో చేసిన చట్టం కింద, ప్రతి స్కానింగుకూ ఎఫ్ ఫారం నింపాలి. ఎవరికి చేశారు, ఎవరు పంపారు, ఎందుకు చేశారు అన్నీ రాయాలి. ఆ ఫారంలో లోపం ఉంటే అదే చట్ట ఉల్లంఘనగా చూస్తారు. ఇది కేవలం గుమాస్తా పొరపాటు అని డాక్టర్ల సంఘం వాదించగా, 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పుట్టబోయే బిడ్డ తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే కనుక దాన్ని చిన్న విషయంగా చూడడానికి వీల్లేదు.

కంప్యూటరు వచ్చాక

1985లో అమెరికాలో రేడియాలజీ డాక్టర్లు, యంత్రాలు తయారుచేసేవారు కలిసి బొమ్మలను కంప్యూటరు ద్వారా పంపడానికి ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించారు. అది 1993లో డైకామ్ అనే పేరుతో స్థిరపడింది. ఇప్పుడు ఏ కంపెనీ యంత్రంలో తీసిన బొమ్మనైనా మరో కంపెనీ తెర మీద చూడగలుగుతున్నామంటే దానివల్లనే. పాతకాలపు సీసపు అంకెల పనిని ఇప్పుడు ఈ పద్ధతి చేస్తుంది. రోగి పేరు, నంబరు, పుట్టిన తేదీ, తీసిన సమయం బొమ్మ లోపలే దాగి ఉంటాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, ఆపరేషను అనుమతి కోసం ఎక్స్‌రేలు, స్కానింగులు కంప్యూటరులో పంపడం మన పల్లెవారికీ పరిచయమైంది. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆరోగ్య నంబరు ఇస్తున్నారు. మనిషికి ఒకే నంబరు అనే పాత కల ఇప్పుడు దేశమంతటికీ చేయాలని చూస్తున్నారు.

అయినా, మొదట పేరు టైపు చేసేది మనిషే. అక్కడ స్పెల్లింగు తప్పితే, పక్క బెడ్డు రోగి నంబరు కొడితే, కంప్యూటరు ఆ తప్పును అంతే నమ్మకంగా పదిచోట్లకు పంపిస్తుంది. రిజిస్టరులో తప్పు ఒక పుటలోనే ఉండేది, ఎర్రసిరాతో దిద్దితే సరిపోయేది. కాబట్టి బల్ల దగ్గర కూర్చున్నవాడి జాగ్రత్త విలువ పెరిగిందే కానీ తగ్గలేదు.

మనం చేయవలసింది

ఈ సంగతులు చదివి ఊరుకుంటే లాభం లేదు. మన సీమ నుంచి, ముఖ్యంగా మదనపల్లె, పీలేరు వైపు నుంచి, కువైటు మొదలైన గల్ఫు దేశాలకు బతుకు తెరువు కోసం వెళ్ళే బిడ్డలు చాలామంది. వీసాకు ముందు వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తప్పదు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినాక మచ్చ ఉందని ఆపితే ఆ ఇల్లు కుంగిపోతుంది. ఆ దేశాల నియమాలు వారివి, మనం మార్చలేము. కానీ చిన్నప్పుడు క్షయ వచ్చి పూర్తిగా మందు తిన్నవాడు తన పాత ఫిల్ములు, మందు ముగించిన కార్డు దాచుకొని ఉంటే, అప్పు చేయకముందే ఒక మంచి డాక్టరుకు చూపించి తన పరిస్థితి తెలుసుకోవచ్చు. కాగితం చేతిలో ఉంటే డబ్బు పోయాక ఏడవవలసిన పని ఉండదు.

ప్రతి ఇంట్లో ఒక సంచి పెట్టుకోండి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కవరు. ఫిల్ములు మడవవద్దు, ఎండలో, తడిలో పెట్టవద్దు. కవరు మీద పేరు, తేదీ, ఆసుపత్రి, నంబరు రాయండి. ఆధారు కార్డులో పేరు ఎట్లా ఉందో ఆసుపత్రిలోనూ అదే స్పెల్లింగు చెప్పండి. కొత్తగా నమోదు చేయించుకొనే ముందు "మాకు ఇక్కడ పాత నంబరు ఉంది" అని చెప్పండి. ఇంటి ఆడవాళ్ళ వయసు, పేరు వారినే చెప్పనివ్వండి. ఫిల్ము చేతికి రాగానే పేరు, కుడి ఎడమల గుర్తు సరిగా ఉన్నాయా అని ఒకసారి చూసుకోండి. చదువు రాని పెద్దల వెంట చదువుకున్న పిల్లలు ఒకరు వెళ్ళండి.

మన యువకులకు ఇంకొక మాట. ఎక్స్‌రే టెక్నీషియన్, మెడికల్ రికార్డ్సు చదువులు కూడా గౌరవమైన చదువులే. డాక్టరు సీటు రాలేదని నిరాశపడే బదులు ఈ దారి చూడండి. ఆరోగ్యవరం సర్వేలో పేర్లు రాసిన ఆ అజ్ఞాత గుమాస్తాలు లేకపోతే పల్లెల్లో క్షయ ఉందని దేశానికి తెలిసేది కాదు. రోగి పేరు సరిగ్గా అడిగి, సరిగ్గా రాసి, అడిగిననాడు తీసి ఇచ్చేవాడు కూడా ప్రాణాలు కాపాడేవాడే.